మూడో కిటికీలోంచి పొగ

తడి రంగు వాసన. కాగితం మీద నీలం ఇంకా ఆరలేదు.

ఓడ. నల్లటి పొట్ట, తెల్లటి తెరచాప, వరుసగా ఐదు గుండ్రటి కిటికీలు. మూడోదానిలోంచి మాత్రం సన్నగా, పసుపుపచ్చని పొగ.

జిన్నారంలో మా మందుల ఫ్యాక్టరీ. భద్రతా వారోత్సవం. కార్మికులు బొమ్మలు వేస్తారు. భద్రతాధికారిగా నేను బహుమతి నిర్ణయిస్తాను.

ఓడను వేసినవాడు నర్సింహ. రెండో బ్లాకులో రియాక్టర్లు నడిపే మనిషి. సముద్రాన్ని ఎన్నడూ చూడనివాడు.

"మూడో కిటికీ జెర మంచిగ సూడుర్రి, హరినాథ్ సార్."

చూశాను. చాలాసేపు చూశాను — బొమ్మనే.

మైకు ముందు నిలబడి చెప్పాను. ఓడ అంటే దేహం. సముద్రం సంసారం. పొగ — లోలోపల రగిలే కోరిక. శతాబ్దాలుగా చిత్రకారులు ఓడలో గీసింది మనిషినే అన్నాను.

చప్పట్లు. మొదటి బహుమతి.

అందుకుంటూ నర్సింహ నా ముఖంలోకి చూశాడు. నేను ఇంకేదో చెప్పవలసి ఉన్నట్టు.

రెండో బ్లాకులో రియాక్టర్లు ఐదు.

ఐదని నాకు తెలుసు. రోజూ వాటి ముందు నుంచే నడుస్తాను.

బహుమతి ఇచ్చిన తొమ్మిదో రోజున మూడో రియాక్టర్ మూత దగ్గర ఆవిరి తన్నింది. నర్సింహ ముఖం మీదికి.

ఇస్నాపూర్‌లో వాళ్ల కిరాయి గదికి వెళ్లాను. నర్సింహ కళ్లకు కట్టు.

"పొగంటె కోరిక అన్నరు గద సార్," నవ్వాడు. "గా కోరిక జెర గట్టిగనే తాకింది."

"నవ్వుతవేంది?" అతని భార్య మొగులమ్మ కసిరింది. "తప్పు నీదేనని అంటున్రు కంపెనోళ్లు. సార్, ఈయన ముందుగాల చెప్పలేదా?"

"నోటితోని చెప్తె సూపర్‌వైజర్ గేటు సూపెట్టిండు. గందుకే బొమ్మేసిన. సార్‌కు ఎర్కే. రేపు విచారణల సార్ చెప్తరు. నువ్వు పరేషాన్ గాకు."

నేను రాసే ప్రమాద నివేదికలో ఒక గడి ఉంది — ముందస్తు హెచ్చరిక ఏదైనా అందిందా?

లేదు, అని రాశాను. మొన్ననే సంతకం చేశాను.

బొమ్మ హెచ్చరిక ఎలా అవుతుందని నాతో నేను వాదించుకున్నాను. వాదించడం నాకు చేతనవును. గెలిచాను కూడా…

మొగులమ్మ చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టింది.

"చెప్తరు గద, సార్?"

నర్సింహ ముఖం నా కోసం తిరిగింది — కొద్దిగా పక్కకు, నేను లేని చోటికి.

నేను కదలలేదు.

మాట్లాడితే, ఎక్కడున్నానో అతనికి తెలిసిపోతుంది…