వానకు ఆమెన్

ఆ ఆదివారం పొద్దున ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది, ఒక్క ఆగ్నేయ మూల తప్ప. ఆ మూలన సముద్రం మీద అరచేయంత మబ్బు కూర్చుని ఉంది. ఇంకెక్కడైనా అయితే దాన్ని ఎవరూ లెక్కచేయరు. సాల్ట్ కే దీవిలో మాత్రం అప్పటికే ముప్పై మంది మగవాళ్ళు గుమ్మాల్లో నిలబడి దాన్నే చూస్తున్నారు.

ఆబెడ్ సిమన్స్ తన ఉప్పుమడి గట్టు మీద నిలబడ్డాడు. మడి పండింది. నాలుగు నెలల ఎండకు నీళ్ళు అడుగంటి, మూడు వేళ్ళ మందాన కల్లుప్పు పేరుకుంది. ఒక్క పూట చెక్క పారలతో లాగి కుప్ప పోస్తే, ఆపైన ఎంత వాన పడ్డా పైపొర తడుస్తుంది, అంతే. కుప్ప పోయకపోతే ఒక గట్టి జల్లు చాలు, ఉప్పు మళ్ళీ నీళ్ళయిపోతుంది. గురువారం ఓడ వస్తుంది. ఉప్పు ఎక్కించుకుని పిండి, బియ్యం, కిరసనాయిలు దింపి పోతుంది. ఉప్పు లేనివాడికి ఏమీ దింపదు.

కానీ ఆదివారం. ఆదివారం పార పట్టడం పాపం.

చర్చిలో పాత అయ్యగారు ఉన్నన్నాళ్ళూ ఈ పాపానికి ఒక దారి ఉండేది. ఆయన ప్రసంగ పీఠాన్ని ఆగ్నేయం కిటికీకి ఎదురుగా వేయించుకున్నాడు. మబ్బు రెండో అద్దం దాకా ఎక్కిందంటే, ఒక్క వచనం చదివి ఆమెన్ అనేసి, బూట్లు విప్పి తనే ముందు మడిలోకి దిగేవాడు. ఉప్పు కరిగిపోతుంటే దేవుడు మాత్రం కూర్చుని పాటలు వింటాడా అనేవాడు.

కొత్త అయ్యగారు వచ్చి నాలుగు నెలలయింది. జమైకా కొండల మనిషి. అక్కడ వాన అడక్కుండానే వస్తుందట, గోడలకు నాచు పడుతుందట. దీవిలో దిగిన రోజున ఆయన మొదట అడిగిన మాట, "చెట్లేవీ?" అని. చెట్లుంటే మబ్బులు ఆగి వాన పడుతుందని ముత్తాతలు నరికేశారన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. చదువుకున్నవాడు, తెలిసే ఉంటుందనుకున్నారు. ఆయన కొండల అలవాటు కొద్దీ రోజుకు రెండుసార్లు స్నానం చేసి తన నీళ్ళతొట్టి ఖాళీ చేసుకున్నాడు. తర్వాత ఊళ్ళోని తొట్లన్నిట్లోకీ తొంగి చూసి, ఈ జనం ఎంత కష్టంలో ఉన్నారో అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నువ్వు సంఘానికి పెద్దవి కదన్నా, వెళ్ళి చెప్పు," అన్నాడు పక్కమడి రూఫస్.

"ఏమని?"

"ఈ పూట ఆరాధన కురచగా కానివ్వమని. నోరు తెరిస్తే మబ్బు లోపలికి దూరుతుందనా నీ భయం?"

ఆబెడ్ కోటు తొడుక్కుని వెళ్ళాడు. అయ్యగారు చర్చి గుమ్మంలోనే ఎదురయ్యాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"అయ్యగారూ, మబ్బు పట్టింది."

"చూశాను ఆబెడ్ గారూ, చూశాను." అయ్యగారు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ అందరికీ వాన పడాలని నాలుగు రోజులుగా ఉపవాసం ఉన్నాను. దేవుడు విన్నాడు."

ఆబెడ్ రోజుకు ఆరు మాటల మనిషి. నాలుగు అయిపోయాయి. మీ కోసం నాలుగు రోజులు తిండి మానేశానన్న మనిషికి మిగతా రెండూ ఎలా చెప్పాలో తెలియక, లోపలికి వెళ్ళి ముందు బల్ల మీద కూర్చున్నాడు.

కళ్ళలో ఎండ పడుతోందని కొత్త అయ్యగారు పీఠాన్ని తిప్పించుకున్నాడు. ఇప్పుడు కిటికీ ఆయన వీపు వెనక ఉంది. ఆయన వాన కోసం ప్రార్థిస్తుంటే మబ్బు ఆయన భుజం దాకా వచ్చింది, చెవి దాకా వచ్చింది, తల మీదికెక్కింది. జనమంతా రెప్ప వేయకుండా అటే చూస్తున్నారు. నాలుగు నెలల్లో ఇంత శ్రద్ధ ఆయన ఎన్నడూ చూడలేదు. దాంతో గొంతుకు కొత్త బలం వచ్చింది. ప్రార్థన ఇంకో పావుగంట సాగింది.

"ఇప్పుడు మనందరి తరఫునా ఆబెడ్ గారు వాన అడుగుతారు," అన్నాడు చివరికి.

ఆబెడ్ లేచాడు. ఆడవాళ్ళ వైపు నుంచి భార్య యులాలీ చూపు వీపుకు గుచ్చుకుంటూనే ఉంది. వద్దంటే అయ్యగారి ఉపవాసం గంగలో కలుస్తుంది. కావాలంటే మడి కలుస్తుంది.

"ప్రభువా," అన్నాడు. కిటికీలో మబ్బు వైపు ఒకసారి చూశాడు. "నీ ఇష్టం."

కప్పు ఎగిరిపోయేలా అందరూ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు, సగం మంది అప్పటికే లేచి నిలబడ్డారు. ఆ ఉత్సాహానికి అయ్యగారి కళ్ళు చెమ్మగిల్లాయి. పొంగిపోయి ఏడు చరణాల పాట ఎత్తుకున్నాడు.

నాలుగో చరణంలో రేకుల మీద మొదటి చినుకు పడింది.

ఆ తర్వాత ఎవరూ ఏ చరణం కోసమూ ఆగలేదు. ఆబెడ్ ఆదివారపు కోటుతోనే మడిలోకి దిగి పార వేశాడు. మొదటి లాగుడుకు ఉప్పు వచ్చింది. పదో లాగుడుకు బూడిదరంగు గుజ్జు వచ్చింది. ఇంకాసేపటికి పారకు ఏమీ తగల్లేదు. రూఫస్ తన మడిలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఇటు చూసి, తల తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి యులాలీ చూరు కింద కుండలు, బాల్చీలు, బట్టలుతికే తొట్టితో సహా అన్నీ పేర్చింది. వాన ఎటూ వచ్చింది, నీళ్ళెందుకు వదలాలి.

"దేవుడితో 'నీ ఇష్టం' అన్నావు," అంది తల ఎత్తకుండా. "ఇరవై రెండేళ్ళ కాపురంలో నాతో ఒక్కసారైనా అన్నావా ఆ మాట?"

ఆబెడ్ కోటు విప్పి పిండుకున్నాడు.

ఆదివారాలు అయ్యగారికి వంతులవారీగా ఒక్కో ఇంట్లో భోజనం. ఆ వారం వంతు వాళ్ళది. నిలువెల్లా తడిసి, నవ్వుతూ వచ్చాడు.

"మీ వాళ్ళకు ఎంత ఆనందమండీ! మడుల్లోకి దూకి గంతులు వేశారు."

"అవి గంతులు కావయ్యగారూ," అంది యులాలీ. "ఉప్పు లాగబోయారు. ఆ మడిలో మాకు నాలుగు నెలల పిండి ఉంది. పొద్దున ఉంది."

అయ్యగారు తలుపులోంచి మడుల వైపు చూశాడు. తెల్లగా ఉండాల్సిన చోట ఆకాశం కనిపిస్తోంది. నవ్వు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది.

"మరి వాన అడగమంటే మీరంతా అంత గట్టిగా ఆమెన్ ఎందుకన్నారు?"

యులాలీ మొగుడి వైపు చూసింది.

"ఆరాధన అయిపోయిందనుకున్నాం," అన్నాడు ఆబెడ్.

ఆమె కందులు కలిపి ఉడికించిన మొక్కజొన్న రవ్వ వడ్డించింది, పక్కన ఎండబెట్టిన శంఖుమాంసం కూర. అయ్యగారు కృతజ్ఞత చెప్పడానికి చేతులు జోడించాడు. నోరు తెరిచాడు. దేనికి చెప్పాలో తోచక, తెరిచిన నోరు అలాగే మూశాడు. ఆబెడ్ గిన్నె ఆయన ముందుకు జరిపాడు. నాలుగు రోజుల ఆకలి కాబోలు, ఆయన తలెత్తకుండా తిన్నాడు. చూరు నుంచి నీళ్ళు తొట్టిలోకి కారుతూ ఉంటే ముగ్గురూ తిన్నారు.