చాడీల క్లాసు

ఏడో తరగతి పిల్లలంత బుద్ధిమంతులు బడి మొత్తంలో లేరని లెక్కల టీచరుకు ఉద్యోగంలో చేరిన రోజే అందరూ చెప్పారు. ఆవిడ గదిలో అడుగుపెట్టగానే పిల్లలంతా ఒక్కసారే లేచి, ఒక్కసారే కూర్చున్నారు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. తన అదృష్టం పండిందనుకుంది. ఆ సంబరం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

గంట కొట్టగానే పిల్లలు ఒక్కొక్కరే బల్ల దగ్గరికొచ్చి చెవిలో గుసగుసలు మొదలుపెట్టారు. ఫలానావాడు కిటికీలోంచి బయటికి చూశాడట, ఫలానా పిల్ల పెన్సిలు కొరికిందట. ఆరా తీస్తే అది హెడ్మాస్టరుగారు పెట్టిన పద్ధతేనని తేలింది. ఎవరెక్కువ చాడీలు మోసుకొస్తే వాళ్లకి ఆ వారం లీడరు బ్యాడ్జీ. అది చాన్నాళ్లుగా ఒకే పిల్ల చొక్కాకి అతుక్కుపోయి ఉంది. క్లాసంతా ఆ పిల్లని "కెమెరా" అనేవాళ్లు. అదీ చాటుగానే.

ఒకరోజు భిన్నాలు చెబుతుండగా, కెమెరా పక్కనే కూర్చునే బక్కపిల్ల ఉన్నట్టుండి వాంతి చేసుకుంది. పుస్తకాల మీదా, ఒళ్లోనూ, నేల మీదా. చుట్టుపక్కల పిల్లలు కాళ్లు పైకి లాక్కున్నారే తప్ప ఒక్కరూ లేవలేదు. చెప్పకుండా లేస్తే అదో నేరం. కెమెరా మాత్రం చెయ్యెత్తింది.

"మేడమ్, తను క్లాసు పాడుచేసింది. పొద్దున్నించీ కడుపునొప్పని ఏడుస్తోంది కూడా. అప్పుడే చెబుదామనుకున్నా, మీరు బోర్డు మీద రాస్తున్నారు."

టీచరుకి ఒళ్లు జలదరించింది. ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషికి వాంతి ఓ లెక్కా? అంత చిన్న నోట్లోంచి, అంత మర్యాదగా వచ్చిన ఆ మాటకే ఆవిడకి ఏవగింపు కలిగింది. బక్కపిల్ల ముఖం కడిగి, ఇంటికి కబురు పంపి, బకెట్టూ ఫినాయిలూ తెచ్చి తనే నేల తుడిచింది. పిల్లలంతా బొమ్మల్లా చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రం ఇంట్లో అన్నం సయించలేదు. సంగతి విన్న అత్తగారు, చాడీలు చెప్పేవాళ్ల కంటే వినేవాళ్ల చెవులకే ముందు వాత పెట్టాలంది. "నీ ఆడపడుచు నీమీద ఎన్ని మోసుకొచ్చిందో నీకేం తెలుసు? నేను విననందుకే మనమిద్దరం ఇంకా ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం," అంది.

మర్నాడు టీచరు బ్యాడ్జీ తీయించేసింది. "ఒంట్లో బాగోకపోయినా, ఎవరైనా కొట్టినా వెంటనే చెప్పండి. అంతేగానీ ఇంకొకళ్ల మీద చాడీలు మాత్రం తేవద్దు. మీ గురించి మీరేం చెప్పినా వింటాను," అంది.

ఇక చూడాలి. ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా కట్టలు తెంచుకుంది. సుద్దముక్కలు ఎగిరాయి, డస్టరు మాయమైంది, క్లాసు సంతకంటే అన్యాయంగా తయారైంది. చివరికి ఒకరోజు ఆవిడ కుర్చీలో ఎవరో సిరా పోశారు. చూసుకోకుండా కూర్చుంది. సరిగ్గా అప్పుడే వచ్చిన హెడ్మాస్టరుగారు, చీర మీది మరక చూసి తేనె పూసినట్టు నవ్వాడు. పాత లీడరుని అడిగితే నిమిషంలో పేరు బయటికొస్తుందన్నాడు. ఎవరని అడగాలని ఆవిడకీ నాలుక దురద పెట్టింది. ఆ దురదకి తనమీద తనకే రోత పుట్టింది.

"చీర ఉతికితే తెల్లబడుతుంది సార్. నేనడగను," అంది.

బడి వదిలాక కెమెరా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మళ్లీ ఎవరి పేరు మోసుకొచ్చిందోనని టీచరు మొహం చిట్లించింది.

"నేనే పోశాను మేడమ్. బ్యాడ్జీ ఉన్నప్పుడు భయపడైనా నాతో మాట్లాడేవాళ్లు. ఇప్పుడు ఎవరూ మాట్లాడట్లేదు."

ఇన్నాళ్లూ ఈ పిల్లని చూస్తే పురుగుని చూసినట్టుండేది. ఇప్పుడు ఆ అసహ్యం, పిల్లకి ఈ విద్య నేర్పిన పెద్దవాళ్ల మీదికి మళ్లింది. మొదట్లో ఆ చాడీలు విన్నందుకు అందులో తనకీ వాటా ఉంది. చేసింది తప్పేనని చెప్పి, ఈ మాట తాను ఎవరికీ చెప్పనంది. క్లాసులో చెప్పాలో వద్దో నీ ఇష్టమంది.

మర్నాడు కెమెరా లేచి అందరి ముందూ ఒప్పుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక బెంచీకి మారిపోయిన బక్కపిల్ల మాత్రం నవ్వలేదు. "మరి నాకు వాంతైనప్పుడు ఎందుకలా చెప్పావు?" అని సూటిగా అడిగింది. కెమెరా తల దించుకుంది. ఆ గదిలో ఒక పిల్ల ఇంకో పిల్లని మొహం మీద ఓ మాట అడగడం టీచరు వినడం అదే మొదలు.

గంటైనా గడవకముందే హెడ్మాస్టరుగారు పిలిపించాడు. పక్క గది టీచరు చెప్పిందంటూ, క్లాసులో ఎవరేమన్నారో పొల్లు పోకుండా అప్పజెప్పాడు. స్టాఫు రూములోనూ బ్యాడ్జీలున్నాయన్నమాట. ఆయన గది గాలి పీల్చాలంటేనే ఆవిడకి వెగటేసింది. ఆ పిల్లని వారంపాటు ఎండలో నిలబెట్టమన్నాడాయన. కుదరదంది. వచ్చే ఏడు ఈ క్లాసు మీకు రాదన్నాడు.

"ఈ ఏడు నాదే కదా సార్," అని వచ్చేసింది.

వరండా చివరి నుంచే గోల వినిపించింది. కెమెరా, బక్కపిల్ల ఒకే లెక్క మీద పోట్లాడుకుంటున్నారు. ఇద్దరి జవాబులూ తప్పే. టీచరు చీర కొంగు దోపుకుని, ఇద్దర్నీ బోర్డు దగ్గరికి రమ్మంది.