తెంపని పువ్వు

పినపాక అవతలి గూడెంలో ఉండే జంపక్కకు ఫోన్లో అందిన కబురు ఇదీ: "అమ్మా, నర్సు చదువు అయిపోయినోళ్లకు ఆదివారం భద్రాచలంల పట్టాలిస్తరు. కోటుకు ఎవరి అమ్మ వాళ్లకు పువ్వు పెట్టాలె. తప్పక రా." కూతురు పుష్పలత అంతే చెప్పింది. పువ్వు కాలేజీవాళ్లే ఇస్తారన్న ముక్క ఆమె చెప్పలేదు, ఈవిడ అడగలేదు. అమ్మ పెట్టాలంటే అమ్మే తేవాలి కదా! ఇందులో అడగడానికేముంది?

ఆదివారం తొలికోడి కూసేసరికి జంపక్క ఇప్పచెట్టు కింద ఉంది. పాతవి ముట్టలేదు, కళ్లముందు రాలినవే ఏరింది. ఆ చెట్టు కింద నడుము విరిగేలా వంగి ఏరి అమ్మిన పువ్వే పిల్లను నర్సును చేసింది. దాన్ని మించిన పువ్వు ఏ తోటలో ఉందట? సత్తు డబ్బాలో పోసి, తడిగుడ్డ కప్పి బస్సెక్కింది.

హాస్టల్ గదిలో నీలం కోటు తొడుక్కున్న బిడ్డను చూసి ఆమె గబగబా దగ్గరికి తీసుకుంది. డబ్బా మూత తీయగానే తియ్యటి ఘాటు గదంతా కమ్ముకుంది.

"అమ్మా! ఇప్పపువ్వా?" పుష్పలత చప్పున తలుపు వైపు చూసింది.

ఆ చూపు జంపక్కకు చురుక్కుమంది. "సిగ్గయితందా బిడ్డా? చెప్పు, గిప్పుడే మూత పెడ్త."

పుష్పలత చూపు మళ్లీ తలుపు మీదికే పోయింది. ఇప్పపువ్వుతో సారా కాస్తారని, ఇంటి నుంచి డబ్బా వచ్చినప్పుడల్లా "అబ్బో, సారా పార్సిల్!" అని ఎగతాళి చేసిన నోళ్లు ఆ తలుపు అవతలే ఉన్నాయి మరి. చివరికి కోటు విప్పి తల్లి ఒళ్లో పెట్టింది.

"సిగ్గెందుకు? కుట్టు."

పిన్నీసు గుచ్చితే ఆ కండపువ్వు రసం కారి జారిపోతుంది. అందుకని జంపక్క తొమ్మిది పూలు తీసుకుని, ఒక్కోదాని నడిమి బొక్కలోంచి దారం పోనిచ్చి, జేబు మీద కదలకుండా కుట్టింది. దారం పళ్లతో కొరికి, బిడ్డకు మెటికలు విరిచింది.

స్టేజి పక్కన అమ్మాయిలు, వాళ్ల తల్లులు వరుసలో నిలబడ్డారు. వార్డెనమ్మ అట్టపెట్టెలోంచి గుడ్డ గులాబీలు పంచుతూ వచ్చి, పుష్పలత ముందు ఆగి ముక్కు మూసుకుంది.

"ఏందిది? సారా బట్టీల నుంచి వచ్చినవా? పెద్దోళ్ల ముందట కాలేజీ పరువు తీస్తవా? తెంపి పారెయ్, గులాబీ పెట్టుకో. లేకుంటే స్టేజి ఎక్కేది లేదు."

ఎంత మాట! జంపక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మేడం, మా దిక్కు ఇప్పపువ్వు ఎవ్వరూ తెంపరు. అదే రాలాలె, మేం ఏరాలె. గదీ పద్ధతి."

"ఇది చెట్టా? కోటు!" అంటూ వార్డెనమ్మ చెయ్యి చాచి ఒక పువ్వు పట్టి లాగింది. పువ్వు చిట్లి రసం ఆమె వేళ్లకంటింది. కుట్టు మాత్రం ఊడలేదు.

సరిగ్గా అప్పుడే మైకులో పుష్పలత పేరు పిలిచారు. కోటు విప్పినా ఏమనుకోను తల్లీ, నీకు పట్టా దక్కితే చాలు అనుకుంది జంపక్క. ఆ వెంటనే, వద్దు, విప్పకు అనుకుంది.

పుష్పలత వార్డెనమ్మ చేతిని మెల్లగా పక్కకు నెట్టి, తల్లి మణికట్టు పట్టుకుంది.

"నడువమ్మా."

ఆపే లోపే ఇద్దరూ మెట్లెక్కేశారు. పట్టాలిస్తున్న తెల్లజుట్టు డాక్టరమ్మ పుష్పలత జేబు వైపు వింతగా చూసింది. "అందరికీ గులాబీ ఉంది, నీకేంటమ్మా ఇవి?"

పుష్పలత మైకు ముందుకు జరిగింది. "ఇప్పపూలు మేడం. ఇవి ఏరే మా అమ్మ నన్ను చదివించింది. తెంపి పారేస్తేనే పైకి రావాలన్నరు. మేం తెంపం. అవే రాలాలె."

వెనక బెంచీల్లో కూర్చున్న గూడేల ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. డాక్టరమ్మ పట్టా తీసి పుష్పలత చేతిలో పెట్టింది.

ఇంతలో ఆ చిట్లిన పువ్వు కాస్తా దారం వదిలి స్టేజి మీద రాలింది. అలవాటు ఎక్కడికి పోతుంది, జంపక్క వంగబోయింది. అంతకుముందే పుష్పలత వంగింది. అంతమంది చూస్తుండగా, పట్టా చంకలో పెట్టుకుని, పువ్వును ఏరి తల్లి కొంగులో వేసింది.