విరగని మడత

ఆ కర్మాగారంలో ఆమెను అందరూ డిజైనరమ్మ అంటారు. అసలు హోదా ఇంకేదో ఉంది. గుర్తింపు కార్డు మీద రెండు వరుసలు పడుతుంది. దాన్ని ఎవరూ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. పని గురించి చెప్పాలంటే మాత్రం ఎక్కువ మాటలు అక్కర్లేదు. చాక్లెట్ గుడ్డు పగలగొడితే లోపల పచ్చసొన రంగులో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఉంటుంది. దాన్ని తెరిస్తే బుల్లి బొమ్మ బయటపడుతుంది. చాక్లెట్ ఒక కంపెనీది, బొమ్మ ఇంకో కంపెనీది. మధ్యలో ఉన్న డబ్బీ ఈమెది.

"నలుగురిలో చెప్పుకోవడానికి కాస్త పెద్ద వస్తువేదైనా చెయ్యకూడదా వదినా" అని ఆడపడుచు ఏడిపించేది. "నీతో చదువుకున్నవాళ్ళు వంతెనలు కడుతున్నారట కదా."

"వంతెన బాగోకపోతే పేపర్లో పడుతుంది. నా డబ్బీ తెరుచుకోకపోతే అయిదేళ్ళ పిల్ల ఏడుస్తుంది. ఏది కష్టమో నువ్వే చెప్పు" అనేది ఈమె, చేతిలో పని ఆపకుండానే.

పదకొండేళ్ళుగా ఆ డబ్బీ తీరు ఒకటే. రెండు చిప్పలు, ఒకదాంట్లో ఒకటి దూరి బిగుసుకుంటాయి. పట్టుకుని లాగాలి. పెద్దవాళ్ళ చేతికి అదేం లెక్కలోది కాదు. పిల్లలు మాత్రం లాగలేక పళ్ళతో కొరికేవాళ్ళు. అది ఆమెకు ఎప్పటినుంచో గుచ్చుకుంటూనే ఉంది. కానీ అమ్ముడవుతున్న వస్తువును మార్చమంటే వినే మేనేజరు ఎక్కడుంటాడు?

మార్చాల్సిన రోజు చాక్లెట్ కంపెనీ ఉత్తరం రూపంలో వచ్చింది. ఇకమీదట డబ్బీ రెండు ముక్కలుగా విడిపోకూడదు, చంటిపిల్లలు ఒక చిప్పను నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. మూత డబ్బీని వదలకుండా అంటిపెట్టుకుని ఉండాలి. అయిదేళ్ళ పిల్ల పళ్ళ సాయం లేకుండా తెరవగలగాలి. అయిదువందల సార్లు తెరిచి మూసినా మూత ఊడకూడదు. గడువు మూడు నెలలు.

ఉత్తరం చదివి మేనేజరు తల పట్టుకున్నాడు. ఆమె మాత్రం లోలోపల సంతోషపడింది. అడగకుండానే వరం ఇచ్చినట్టుంది మరి.

మొదటి వారం ఆమె డబ్బీ నక్షాలో ఒక్క గీతా గీయలేదు. కర్మాగారం వెనకాల కార్మికుల పిల్లలను చూసుకునే గది ఒకటుంది. అక్కడ చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పాత డబ్బీలు బుట్టలో పోసి పిల్లల మధ్య పెట్టింది. ఎలా తెరవాలో చెప్పలేదు. నోటు పుస్తకం తెరిచి, వాళ్ళ ముఖాలు చూడకుండా చేతులే చూసింది. పందొమ్మిది మంది పిల్లల్లో పద్నాలుగు మంది మొదట లాగలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కారు. నొక్కితే ఏమీ కాకపోయేసరికి నేలకేసి కొట్టారు, ఆ తర్వాతే పళ్ళు. "పెద్దవాళ్ళు లాగుతారు, పిల్లలు నొక్కుతారు" అని పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

గుండ్రటి డబ్బీని కాస్త కోలగా మార్చింది. రెండు బుగ్గలు నొక్కితే అంచులోని చిన్న కొక్కెం జారి మూత టప్పున లేస్తుంది. మూతకూ డబ్బీకీ మధ్య సన్నటి ప్లాస్టిక్ పట్టీ, దాన్నే అందరూ మడత అన్నారు. ఉక్కులో అచ్చు చెక్కిన మేస్త్రిగారు ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాడు, మెప్పుదల విషయంలో మహా పిసినారి. మొదటి డబ్బీని బుగ్గలు నొక్కి తెరిచి, మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచి, "పిట్ట కొంచెం" అన్నాడు. మిగతా సగం సామెత ఆయన చెప్పకపోయినా ఆమెకు వినిపించింది.

తెరవడం కుదిరింది, మడత దగ్గరే తలనొప్పి మొదలైంది.

ముప్పై సార్లకు ఒకటి విరిగింది. యాభైకి ఒకటి, అరవై రెండుకు ఒకటి. మందం పెంచితే ఇంకా ముందే చిట్లింది. తగ్గిస్తే చిరిగింది. ప్లాస్టిక్ రకం మార్చారు, యంత్రం వేడి మార్చారు, రంగు కూడా మార్చి చూశారు. ఆమె బల్లమీద మూతలు ఒకవైపు, డబ్బీలు ఒకవైపు గుట్టలు పడ్డాయి. గడువు ఇంకా పదిహేను రోజులుందనగా మేనేజరు గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, నీ కష్టం నాకు తెలీక కాదు. బయటి నిపుణులకు అప్పగిద్దామని పైవాళ్ళు అంటున్నారు."

"వారం ఇవ్వండి సార్."

"వారంలో ఏం మారుతుంది?"

"ఏదో ఒకటి మారుతుంది సార్" అంది ఆమె. మేనేజరు కిటికీ వైపు తిరిగి, "సరే, వారం" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె విరిగినవాటి జోలికి వెళ్ళలేదు. ఇన్నాళ్ళూ వాటినే చూసి చూసి కళ్ళు అలిసిపోయాయి. విరగనివి ఏమైనా ఉన్నాయా అని వెతికింది. ఉన్నాయి. ఒకేరోజు తీసిన నూట ఇరవైలో ఏడు డబ్బీలు అయిదువందలు దాటినా చెక్కుచెదరలేదు. తెరిచి మూసే చిన్న మోటారుకు ఒకదాన్ని బిగిస్తే అది వెయ్యి దాటిపోయింది.

అచ్చులో ఎనిమిది గుంటలుంటాయి. ఏ గుంటలోంచి వచ్చిందో తెలిసేలా ప్రతి డబ్బీ అడుగునా చిన్న అంకె పడుతుంది. ఏదో ఒక గుంట బాగా కుదిరి ఉంటుందనుకుని ఏడింటినీ తిరగేసింది. మూడు, ఎనిమిది, ఒకటి, మళ్ళీ మూడు, ఆరు, రెండు, అయిదు. ఒకదానికొకటి పొంతన లేదు. మేస్త్రిగారికి చూపించింది.

"తప్పు అచ్చులో ఉంటే ఒకే అంకెవి విరగాలి, ఒకే అంకెవి నిలవాలి. ఇది నా ఉక్కు పని కాదు" అన్నాడాయన. "ఏ పుట్టలో ఏ పాముందో. కిందికెళ్ళి యంత్రం దగ్గర నిలబడు అమ్మాయీ. కాగితాల్లో దొరకదిది."

మర్నాడు ఉదయం పని మొదలయ్యేసరికి ఆమె యంత్రం పక్కన నిలబడింది. ఇరవై సెకన్లకోసారి అచ్చు తెరుచుకుని ఎనిమిది డబ్బీలు రాలుతున్నాయి, పిట్టపిల్లల్లా నోళ్ళు తెరుచుకుని. ఇద్దరు ఆడవాళ్ళు వాటిని ఏరి పళ్ళేల్లో సర్దుతున్నారు. గంట చల్లారాక మూతలు పెట్టాలన్నది నియమం. గోడమీద కాగితం అంటించి ఉంది కూడా. పళ్ళేలు వెళ్ళే దారిలో, అంచుల్లోని ప్లాస్టిక్ తోకలు కత్తిరించే బల్ల దగ్గర, చిటికెల పెద్దమ్మ కూర్చుని ఉంది. ఏ పని అడిగినా "చిటికెలో అయిపోతుంది" అంటూ నిజంగానే చిటికె వేస్తుంది కాబట్టి ఆ పేరు.

మొదట కాసేపు ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత కనిపించింది. పళ్ళెం తన పక్కనుంచి వెళ్తుంటే పెద్దమ్మ ఎడమచెయ్యి దానంతటదే లేచి, ఒక డబ్బీ మూత టక్కున నొక్కి, మళ్ళీ వచ్చి ఒళ్ళో కూర్చుంది. కళ్ళు కత్తెర మీదే ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇప్పుడు మీరు ఒకటి మూశారు కదూ?"

"నేనా? లేదమ్మా."

"నేను చూశాను."

పెద్దమ్మ కత్తెర కింద పెట్టింది. "సూపర్‌వైజరు మొన్ననే చివాట్లు పెట్టాడు. చల్లారకముందు ముట్టుకోవద్దని. ఏం చెయ్యను తల్లీ, అలవాటు. నోరు తెరుచుకున్న డబ్బా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మా ఇంట్లోనూ ఇదే గోల, నా కోడలు నవ్వుతుంది. ఈ ముక్క పైన చెప్పకు. రిటైర్మెంటుకి ఏడు నెలలే ఉంది, ఇప్పుడు మాట పడలేను."

"వేడిగా ఉండగానే మూస్తారా?"

"వేళ్ళు చురుక్కుమంటాయి. అయినా మూస్తాను."

"నూటికి ఎన్ని మూస్తారు?"

"లెక్కపెట్టుకుంటామా అమ్మా? ఓ ఆరేడు. ఎవరూ చూడనప్పుడు."

ఆరేడు. నూట ఇరవైలో విరగనివి ఏడని డిజైనరమ్మకు గుర్తొచ్చింది. "నాకో వంద మూసిపెట్టండి పెద్దమ్మా. అచ్చులోంచి పడీ పడగానే, ఇందాకట్లాగే."

పెద్దమ్మ ఆమె ముఖంలోకి అనుమానంగా చూసింది. "ఎగతాళి చేస్తున్నావా, ఇరికిస్తున్నావా?"

"రెండూ కాదు. నా పరువు మీ చేతిలో ఉంది."

"అలా చెప్పు మరి" అని పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, స్టూలు లాక్కుని యంత్రం నోటి దగ్గర కూర్చుంది. సూపర్‌వైజరు వచ్చి ఏదో అనబోతే డిజైనరమ్మ అతని ముందు నిలబడింది. "నేను చెప్పాను. ఏదైనా తేడా వస్తే నా పేరు రాసుకోండి."

వంద డబ్బీలు మూసేసరికి పెద్దమ్మ బొటనవేళ్ళు ఎర్రబడ్డాయి. చన్నీళ్ళ గిన్నె తెచ్చి ఇస్తే వేళ్ళు ముంచుకుని, "ఇంకా ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది.

మూడు రోజులు మోటార్లు తిరిగాయి. వందలో ఒక్కటీ విరగలేదు. నాలుగోరోజు అయిదువేల దగ్గర మోటారే కాలిపోయింది గానీ మడత అలాగే ఉంది.

ఆ తర్వాత ఆమె తన కాలేజీ పుస్తకం తీసి వెతికితే ఆ సంగతి ఒక పేరాలో ఉండనే ఉంది. ప్లాస్టిక్ చల్లారాక మొదటిసారి వంచితే అక్కడ తెల్లటి చార పడి చిట్లుతుంది. వేడి మీదుండగా ఒక్కసారి వంచితే లోపలి పోగులు దారాల్లా సాగి వరస కడతాయి, ఇక ఎన్నిసార్లు వంచినా అవే కాస్తాయి. పరీక్షలో రాదని అప్పట్లో వదిలేసిన పేరా. తన మీద తనకే నవ్వొచ్చింది. నూటికి నూరు తెచ్చుకున్న తను మర్చిపోయినదాన్ని, బడి ముఖం చూడని పెద్దమ్మ చెయ్యి రోజూ చేస్తూనే ఉంది.

చూపిస్తే మేనేజరు ఒక డబ్బీని తనే నాలుగుసార్లు తెరిచి మూశాడు. "చల్లారాకే మూయాలని గోడమీద కాగితం అంటించింది నేనే" అని, తనే వెళ్ళి దాన్ని చింపేశాడు. ఆ ఒక్కపనితో ఆమెకు ఆయనమీద గౌరవం పెరిగింది.

చాక్లెట్ కంపెనీ నుంచి ముగ్గురు వచ్చారు. పొడుగాటి బల్ల, నీళ్ళ గ్లాసులు, గోడమీద బొమ్మలు. డిజైనరమ్మ పిల్లల చేతుల సంగతి, బుగ్గల సంగతి చెప్పింది. తన వంతు పనిని తగ్గించి చెప్పుకోలేదు, అంతా తనదే అన్నట్టూ చెప్పలేదు. మడత దగ్గరికి వచ్చేసరికి తలుపు తీసి, బయట కుర్చీలో కూర్చున్న పెద్దమ్మను లోపలికి పిలిచింది. పని గుడ్డ కట్టుకునే ఉన్న పెద్దమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నన్నెందుకమ్మా ఇక్కడికి?"

"మడత సంగతి మీకే బాగా తెలుసు. రండి, నా పక్కన కూర్చోండి."

వచ్చినవాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని అడిగాడు. "అచ్చులోంచి పడ్డాక ఎంతసేపట్లో మూయాలి?"

డిజైనరమ్మ పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "నాలుగైదుసార్లు ఊపిరి పీల్చి వదిలేసరికి బాబూ. అంతకన్నా ముందైతే సాగిపోతుంది. ఆలస్యమైతే మొండికేస్తుంది. చేతికి తెలుస్తుంది."

ఆయన నవ్వలేదు. ఆ మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత గడియారంతో కొలిస్తే అది ఇరవై సెకన్లు తేలింది.

ఒప్పందం కుదిరింది. యంత్రానికి మూత మూసే ఇనుప చెయ్యి బిగించారు. బిగించిన రోజున పెద్దమ్మ చేతులు కట్టుకుని దాని ఎదుట నిలబడి, "ఇంకాస్త ముందు" అంటే ముందుకు, "కొంచెం మెల్లగా" అంటే మెల్లగా తిప్పాడు బిగించే మనిషి. మధ్యాహ్నానికి ఇనుప చెయ్యి కూడా ఆవిడలాగే టక్కుమని నొక్కడం నేర్చుకుంది. మేస్త్రిగారు అందరి ముందూ అన్నాడు, "ముప్పై ఎనిమిదేళ్ళలో నా అచ్చుకి ఇంత మర్యాద దక్కింది ఇదే మొదలు." ఆయన నోట అంత పెద్ద వాక్యం ఎవరూ వినలేదు.

చివరి నక్షా మీద కింద మూలన ఒక గడి ఉంటుంది, రూపకల్పన ఎవరిదో రాయడానికి. అందులో డిజైనరమ్మ రెండు పేర్లు రాసింది.

"కార్మికుల పేరు రాసే ఆనవాయితీ లేదమ్మా" అన్నాడు మేనేజరు.

"ఇవాళ్టి నుంచి ఉంటుంది లెండి సార్."

ఆయన సంతకం పెట్టేశాడు. ఆ నక్షా నకలు ఒకటి పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. అందులో గీతలు ఎవరికీ అర్థం కావు. అయినా కోడలు దానికి అద్దం కట్టించి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ గడి వేలుపెట్టి చూపిస్తుందట.

కొత్త డబ్బీలు దుకాణాల్లోకి వచ్చిన నెలకు, డిజైనరమ్మ పని దిగి బస్సు కోసం నిలబడి ఉంది. బెంచీమీద ఒకావిడ, పక్కన నాలుగేళ్ళుంటాయేమో, ఒక పాప. పాప మూతి నిండా చాక్లెట్. "ఇటివ్వు, నేను తీస్తాను" అని తల్లి చెయ్యి చాపేలోపు పాప డబ్బీని రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కింది. టప్పున మూత లేచింది. తల్లి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నేనే తీశా" అంది పాప.

లోపలి బొమ్మను బెంచీమీద పెట్టేసి పాప డబ్బీని మూసింది, మళ్ళీ నొక్కి తెరిచింది. మూసింది, తెరిచింది. ఆ డబ్బీ తనదేనని చెప్పాలని డిజైనరమ్మకు నాలుక చివరి దాకా వచ్చింది గానీ, "నేనే తీశా" అన్న పిల్ల దగ్గర ఇంకొకళ్ళు "అది నేనే చేశా" అనడం బాగుండదనిపించింది. తలెత్తుకుని, వీపు నిటారుగా పెట్టుకుని, కళ్ళు చెమర్చకుండా చూసుకుంటూ అక్కడే నిలబడింది. ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చింది, కాసేపు ఆగింది, వెళ్ళిపోయింది.