సగం గోళీ

రాత్రంతా నడిచిన లెక్క తెర మీద తెరుచుకునేసరికి గోళీల మాస్టారు అలవాటుగా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశారు. ఎర్రటి గోళం అన్ని వైపుల నుంచీ ముడుచుకుని, చుక్కంతై, భగ్గున వెలిగింది. వంక పెట్టడానికి లేదు. అయినా ఆయన మొహంలో సంతోషం కనబడలేదు.

మాస్టారంటారు గానీ ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. సూర్యుడిలోలా మండి కరెంటు పుట్టించాల్సిన, మిరియపు గింజంత ఇంధనపు గోళీలకి నమూనాలు గీయడం ఆయన ఉద్యోగం. గోళీని బొటనవేలంత లోహపు డబ్బా మధ్యలో ఉంచి, సీసం లాంటి బరువైన అణువుల్ని తరిమి తరిమి డబ్బాని రెండు చివరలా కొట్టాలి. డబ్బా కాగుతుంది. ఆ వేడి గోళీని అంతటా ఒకేలా నొక్కితే లోపలి ఇంధనం అంటుకుంటుంది. ఏ పక్కన ఇసుమంత తేడా వచ్చినా చీదేసి ఊరుకుంటుంది. అణువుల్ని తరిమే యంత్రాన్ని మాత్రం ఇంకా కట్టలేదు. అందుకని ముప్పై ఏళ్లుగా ఆయన గోళీలన్నీ కంప్యూటర్లోనే వెలిగి, కంప్యూటర్లోనే ఆరిపోతున్నాయి.

"చూసుకోడానికైనా ఒక్కటి చేయించలేరా?" అని భార్య ఎప్పుడూ ఆటపట్టిస్తుంది. ఇవాళ ఆ ముచ్చట తీరేలా ఉంది. ఎవరి గోళీని వర్క్‌షాపుకి పంపి తయారు చేయించాలో మధ్యాహ్నం మీటింగులో తేలుస్తారు. నెలాఖరుకి రిటైరవుతున్న మనిషికి ఇంకో అవకాశం రాదు. తను గీసినవాటిలో ఒక్కదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి కళ్లారా చూసుకోవాలి, అంతే ఆయన కోరిక.

ఒక్కటే తిరకాసు. ఆఫీసులో అందరూ డబ్బాలో సగానికే లెక్క కడతారు. రెండో సగం అద్దంలో బొమ్మలా ఉంటుందనుకుని అతికించేస్తారు. టైము కలిసొస్తుందని మొదలుపెట్టిన పద్ధతి వాడగా వాడగా నిజమై కూర్చుంది. అతికించిన దానికి కుడి ఎడమలు ఎప్పుడూ సమానమే, గోళీ పక్కకి జరిగే ప్రశ్నే రాదు. నిజం యంత్రంలో రెండు వైపుల దెబ్బలూ అంత బుద్ధిగా పడతాయా? వారం నుంచి ఇదే ఆయన్ని తొలిచేస్తోంది.

"అమ్మాయ్, పూర్తి డబ్బా ఒకసారి వేద్దామా? ఎడమ దెబ్బ కొంచెం తగ్గించి. ముతక లెక్కే, మీటింగు లోపల తెమిలిపోతుంది," అన్నారు పక్క సీట్లో పనిచేసే అమ్మాయితో.

"గుండ్రంగా వచ్చిందిగా మాస్టారూ. ఇప్పుడు కెలకడమెందుకండీ?"

"కెలక్కపోతే నాకు ముద్ద దిగదు."

భోజనాల వేళ దాటాక ఫలితం వచ్చింది. గోళీ ముడుచుకుంటూనే ఎడమకి జారింది, ఒక పక్క పలచబడి చిట్లింది. వెలగలేదు.

"ఇది చూపించకండి. మిగతావాళ్లూ వేసింది సగమేగా," అంది అమ్మాయి లోగొంతుకతో.

మీటింగులో ఆయన రెండు బొమ్మలూ చూపించారు. పెద్దాఫీసరు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. "వెళ్లిపోయే ముందు ఇదేం పని మాస్టారూ? మిమ్మల్ని ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదండి. నేను చూపించకపోతే రేపు యంత్రమే చూపిస్తుంది."

ఎవరి గోళీనీ వర్క్‌షాపుకి పంపలేదు. అందరూ పూర్తి డబ్బాకి లెక్క కట్టుకుని రావాలన్నారు. అది ఏడాది పని.

ఇంటికొచ్చేసరికి భార్య వంటగదిలో పిండి కలుపుతోంది. ఆయన గుమ్మానికి ఆనుకుని జరిగింది జరిగినట్టు చెప్పారు.

"అంటే ఇక చేయరన్నమాట."

"చేస్తారు. నేనుండగా కాదు."

"మీకు మాట కడుపులో దాచుకోవడం ఎప్పుడు చేతనయింది గనక!" అందే గానీ, ఆవిడ ఆయన వైపు గర్వంగానే చూసింది. "అసలు జారడమేంటండీ? నాకు అర్థమయ్యేలా చెప్పండి."

ఆయన చేతులు కడుక్కుని, చిన్న పిండి ముద్ద తుంచి, రెండు అరచేతుల మధ్య పెట్టారు. "రెండు చేతులూ ఒకే బలంతో నొక్కాలి. ఒక చెయ్యి బద్ధకించిందనుకో, ఇదిగో, అటు పోతుంది." జారిన ముద్దని మళ్లీ ఓపిగ్గా గుండ్రంగా చేశారు.

"ఇన్నేళ్లకి ఇవాళ అర్థమైంది," అని నవ్విందావిడ.

"మొదట్లోనే పిండి పట్టుకోవాల్సింది," అని ఆయనా నవ్వి, ముద్దని గట్టు మీద పెట్టారు. గుండెలో కాస్త పట్టేసినట్టుందన్నారు. "నడుం వాలుస్తా. వంటయ్యాక లేపు."

వంటయ్యాక వెళ్లి లేపింది. ఆయన లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

మర్నాడు వచ్చినవాళ్లంతా వెళ్లాక ఆవిడ వంటగట్టు తుడవడానికి గుడ్డ తీసుకుంది. పిండి ముద్ద గట్టు మీదే ఎండి గట్టిపడింది. ముప్పై ఏళ్లలో ఆయన చేత్తో చేసిన గోళీ అదొక్కటే. ఆవిడ దాని చుట్టూ తుడిచింది గానీ దాన్ని కదపలేదు. అడుగున కాస్త చదునై, మిగతా అంతటా గుండ్రంగా, అరచేతి గీతలు అచ్చుపడి అది అక్కడే ఉంది.