గ్రామర్ మాస్టారి ఒక్క వాక్యం

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇంగ్లిష్ ముక్క రాయడానికి గ్రామర్ మాస్టారికి చెయ్యి ఆడకపోవడం ఇదే మొదటిసారి. రాయాల్సింది పెద్ద గ్రంథమేమీ కాదు. తన భార్య తనకంటే బాగా పాఠం చెబుతుందని ఒక్క వాక్యం రాయాలి, అంతే.

ఆ స్కూల్లో ఇంగ్లిష్ చెప్పేది ఇద్దరే, ఈ మొగుడూ పెళ్లాలు. ఇంగ్లిష్ విభాగానికి తననే పెద్దను చేస్తారని గట్టి నమ్మకంతో మాస్టారు కొత్త కళ్లజోడు కూడా చేయించుకున్నాడు. తీరా చూస్తే హెడ్‌మిస్ట్రెస్ ఆయన్ను గదిలోకి పిలిచి, భార్య పేరు చెప్పింది. "సీనియర్ మీరే కాబట్టి, ఆవిణ్ని మీతో పోల్చి నాలుగు ముక్కలు రాసివ్వండి. శుక్రవారం నాలుగింటికల్లా కమిటీకి వెళ్లాలి. మీ కాగితం లేకపోతే ఆ పోస్టు ఆవిడకి రాదు."

మాస్టారు మూడు ముక్కలు గడగడా రాసేశాడు. టైముకి వస్తుంది, నోటుపుస్తకాలు దిద్దుతుంది, పిల్లల మీద చెయ్యి చేసుకోదు. నాలుగో ముక్క దగ్గర బండి ఆగింది. "షి టీచెస్ బెటర్ దేన్ ఐ" అని రాసి, మరీ పాత పుస్తకాల వాసన కొడుతోందని కొట్టేశాడు. "దేన్ మి" అని రాశాడు. ఇన్నేళ్లుగా పిల్లల నోటుపుస్తకాల్లో ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టిన చెయ్యి ఇదేనని గుర్తొచ్చి అదీ కొట్టేశాడు. "దేన్ ఐ డు" అంటే మాట ఒకటి ఎక్కువై మర్యాద తక్కువైనట్టనిపించింది. బుధవారం ఇలాగే గడిచింది. గురువారమూ అంతే.

శుక్రవారం పొద్దున స్టాఫ్ రూములో పంచాయితీ పెట్టాడు. సైన్సు టీచరు "ఐ" అంది. డ్రిల్లు మాస్టారు "మి" అన్నాడు, ఏ పుస్తకంలో ఉందని మాత్రం అడగొద్దన్నాడు. లెక్కల మాస్టారు, అంటే మన మాస్టారి సొంత బావమరిది, టీ కప్పు కింద పెట్టి నవ్వాడు.

"అది తర్వాత చూద్దాంలే బావా. అసలు అక్క నీకంటే బాగా చెప్తుందా, లేదా? ముందది తేల్చు."

"గ్రామర్ గురించి నీకేం తెలుసురా?"

"గ్రామర్ తెలీదు. నువ్వు తెలుసు."

మాస్టారికి ఒళ్లు మండింది. తేల్చేస్తానంటూ లేచి, తప్పులు పట్టడానికి ఎర్ర పెన్నూ నోటుపుస్తకమూ తీసుకుని, నేరుగా భార్య క్లాసుకి వెళ్లి చివరి బెంచీలో కూలబడ్డాడు. ఆవిడ ఓసారి చూసి తన పాఠం తాను కొనసాగించింది.

ఆవిడ ఆ రోజు పోలికలే చెబుతోంది. పుస్తకం తెరవలేదు. ఇద్దరేసి పిల్లల్ని నిలబెట్టి ఎవరు పొడుగో, ఎవరి సంచి బరువో, ఎవరు గట్టిగా అరుస్తారో క్లాసు చేత ఇంగ్లిష్‌లో చెప్పిస్తోంది. మాస్టారి క్లాసులో బెంచీకి బుగ్గ ఆనించి నిద్రపోయే అమ్మాయి ఇక్కడ లేచి నిలబడి, తన సంచే బరువని వచ్చీరాని ఇంగ్లిష్‌లో పోట్లాడుతోంది. మాస్టారు రెండు తప్పులు రాసుకున్నాడు. మూడోది రాసుకోవడం మరిచిపోయాడు.

"ఈ గదిలో అందరికంటే పెద్దవాళ్లెవరు? ఇంగ్లిష్‌లో ఎవరు చెప్తారు?" అందావిడ.

నలభై చేతులు లేచాయి. అందులో ఒకటి తనదేనని మాస్టారికి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆవిడ ఆ నిద్ర పిల్లని నిలబెట్టి అడిగింది. తనను అడగలేదని మాస్టారు నిజంగానే చిన్నబుచ్చుకున్నాడు. ఆ తర్వాత సిగ్గేసింది. ఇంత బాగా చెప్పే మనిషి పక్కన ఇన్నేళ్లూ తననే గొప్పవాడనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా కాగితం హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టాడు. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని చదివింది.

"చివర్లో సిరా అలికిపోయింది మాస్టారూ. ఇది ఐ ఆ, మి ఆ?"

"మీకేది బాగుంటే అది దిద్దుకోండి మేడమ్. ఆవిడ నాకంటే చాలా బాగా చెప్తుంది. ఇన్నేళ్లలో ఇవాళే విన్నాను."