వేళ్లలో కాపురమున్నవాళ్లు

కోడలు చిక్కుడు గింజలకు బెల్లం నీళ్లతో నల్లటి జీవన ఎరువు పొడి పట్టించి విత్తిన రోజే అత్తగారు మూతి తిప్పారు. “ఈ నల్లపొడిలో కంటికి కనిపించని ప్రాణులున్నాయా? ఎవరి చెవిలో పూలు పెడదామని!”

మొక్కలు ఏపుగా లేచాయి. కానీ రోజుకొకటి మాయమవుతోంది. పందికొక్కుల పనేనని కోడలు కర్ర పట్టుకుని తెల్లవారగానే కాపు కాసింది. తీరా చూస్తే అత్తగారు! పీకిన మొక్క వేరుకున్న బుడిపెను గోటితో చీల్చి, కళ్లజోడు సర్దుకుంటున్నారు.

“ఇవాళ కూడా లోపల ఎర్రగానే ఉందే! ఎర్రగా ఉంటే బతికున్నట్టేనన్నావుగా, బతికే ఉన్నాయన్నమాట.”

“అవి గాలిలోని నత్రజని పట్టి మొక్కకు తిండి పెడుతున్నాయి. మీరేమో వాటి కొంప కూలుస్తున్నారు! నిన్న చూశారుగా అత్తయ్యా?”

“రాత్రికి రాత్రే చచ్చిపోతే?”

కోడలికి ఒళ్లు మండింది. కర్ర విసిరేసి పక్కనే కూలబడింది.

“ఏదీ, ఇటివ్వండి. ఆ ఎరుపు నేనింతవరకూ చూడనేలేదు.”